ఐర్లండ్‌లో చర్చిని బాగుచేసే పని రాజులెందుకు నెత్తికెత్తుకున్నారు? తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు ఏ కాలం గురించి ఈ మాటలన్నీ?

సుమారు 1070 నుంచి 1172 దాకా, అంటే ఒక వందేళ్ళ కథ. అంతకుముందు సంస్కరణలు జరగలేదని కాదు. 8వ శతాబ్దంలో టాలట్ మఠంలో మేల్‌రువన్ అనే పెద్ద (792లో చనిపోయాడు) కఠిన నియమాలు మళ్ళీ తేవాలని చూశాడు, ఆ బాటలో నడిచినవాళ్ళను కేలి దే, అంటే దేవుడి ఆశ్రితులు అన్నారు. కానీ అది సన్యాసులు తమలో తాము చేసుకున్న పని. 12వ శతాబ్దంలో మాత్రం ప్రతి పెద్ద సభ వెనకా ఒక రాజు కనిపిస్తాడు.

పేర్ల గురించి ముందే చెప్పేస్తాను, లేకపోతే సగంలో తికమక పడతారు. ఈ కథలో ఇద్దరు మర్టాలు, ఇద్దరు టర్లోలు ఉన్నారు. ఇంటిపేరు చూసి గుర్తుపట్టండి. ఓబ్రయన్ అంటే బ్రయన్ మనవలు, మక్ అంటే కొడుకు.

అప్పటి ఐరిష్ చర్చిలో అంత తప్పేముంది?

అక్కడ అన్నిటికీ మఠమే కేంద్రం. ఐర్లండ్‌కు క్రైస్తవం తెచ్చాడని చెప్పుకునే పునీతుడు పాట్రిక్ పేరు మీద నడిచే అర్మా, కియరాన్ పెట్టిన క్లాన్‌మక్‌నాయిస్, కెవిన్ పెట్టిన గ్లెన్‌డలాక్, ఇవన్నీ పేరుకు మఠాలే గానీ చూడబోతే చిన్నపాటి ఊళ్ళు. చుట్టూ పొలాలు, పశువులు, రైతులు, చేతిపనివాళ్ళు. అంత ఆస్తి ఉన్నచోట దాన్ని చూసుకునేవాడి చేతిలోనే అధికారం ఉంటుంది కదా. ఆ పెద్దను కోమర్బా అనేవాళ్ళు, మఠం పెట్టిన పునీతుడి వారసుడని అర్థం. చర్చి మాన్యం చూసుకునేవాణ్ణి ఎరెనా అనేవాళ్ళు. వారసుడు అన్న మాటను వీళ్ళు అక్షరాలా పట్టుకున్నారు, తండ్రి తర్వాత కొడుకు, అన్న తర్వాత తమ్ముడు.

అర్మాలో 966 నుంచి క్లాన్ షీనీ అనే ఒకే వంశం పీఠం మీద కూర్చుంది. ఆ వరసలో ఎనిమిది మంది పెళ్ళాం పిల్లలున్నవాళ్ళు, గురుపట్టం, అంటే చర్చి పూజారిగా (గురువుగా) దీక్ష, పుచ్చుకోనివాళ్ళు. దివ్యపూజ చేసే అర్హత లేదు, కానీ పాట్రిక్ పీఠం వాళ్ళదే, ఊరూరా తిరిగి పాట్రిక్ పేరు మీద వసూలు చేసే పశువులు, వెండి కూడా వాళ్ళకే.

మరి బిషప్పులు లేరా?

ఉన్నారు, అవసరానికి మించే ఉన్నారు. వాళ్ళకంటూ గిరిగీసిన ఇలాకా లేదు, వాళ్ళ పైన ఆర్చిబిషప్ అంటూ ఎవరూ లేరు. 1074 ప్రాంతంలో ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీ ఆర్చిబిషప్ లాన్‌ఫ్రాంక్ ఒక ఉత్తరం రాశాడు. మీ దగ్గర ఒక్క బిషప్పే ఇంకో బిషప్‌కు అభిషేకం చేసేస్తున్నాడు, డబ్బు తీసుకుని పట్టాలిస్తున్నారు, పసిబిడ్డలకు పవిత్ర తైలం లేకుండానే జ్ఞానస్నానం ఇస్తున్నారు, మగవాళ్ళు బుద్ధిపుట్టినప్పుడు పెళ్ళాన్ని వదిలేసి ఇంకొకామెను తెచ్చుకుంటున్నారు, అని. ఆ ఉత్తరం వెళ్ళింది ఎవరికనుకున్నారు? మన్‌స్టర్ రాజు టర్లో ఓబ్రయన్‌కు. సభ పెట్టి ఇవన్నీ మాన్పించమని రాజునే అడిగాడు. ఆ తర్వాత వందేళ్ళూ ఇదే వరస.

అంటే ఐరిష్ చర్చి కుళ్ళిపోయిందన్నది నిజమేనా?

నాకైతే ఈ మాట సగమే నిజమనిపిస్తుంది. ఈ కుళ్ళు గురించి మనకు తెలిసిన ఘాటైన మాటలన్నీ ఎక్కువగా ఒకే మనిషివి, ఫ్రాన్స్‌లోని క్లేర్వో మఠాధిపతి బెర్నార్డ్‌వి. ఆయన ఐర్లండ్‌లో అడుగుపెట్టలేదు. తన స్నేహితుడు, ఐరిష్ సంస్కర్త మలాకీ జీవిత చరిత్ర రాస్తూ, ఉత్తర ఐర్లండ్ జనం పేరుకే క్రైస్తవులని, నడతలో అన్యులేనని తేల్చేశాడు. హీరో గొప్పవాడు కావాలంటే ఊరు ఎంత చెడ్డదైతే అంత మంచిది కదా.

రెండో వైపు చూడండి. పెళ్ళి చేసుకుని, పిల్లల్ని కని, మఠం పదవుల్ని వంశపారంపర్యంగా అనుభవించిన ఆ కుటుంబాలే చదువును మోశాయి. ఐరిష్ భాషలో పూర్తిగా రాసిన గ్రంథాల్లో మనకు మిగిలినవాటిలో అన్నిటికంటే పాతది లెవర్ న హిద్రె, ఐరిష్ పురాణ వీరుడు కూహులిన్ గాథలు అందులో దొరుకుతాయి. దాని లేఖకుల్లో ఒకడైన మేల్‌మురా క్లాన్‌మక్‌నాయిస్‌లోని అలాంటి వంశంవాడే, 1106లో దోపిడీదార్లు చర్చి మీద పడి, రాతి గుడి మధ్యలోనే అతన్ని చంపేశారు. సంస్కరణ గెలిచాక కొత్త మఠాల్లో ఈ కథలు రాసుకునే ఓపిక ఎవరికీ లేకపోయింది. ఆ చదువంతా మెల్లగా చర్చి బయటి కవి కుటుంబాల చేతికి పోయింది. బాగుచేయడంలో ఏం పోయిందో కూడా లెక్క రాసుకోవాలి.

రాజులు ఎంతమంది? ఒకే రాజు లేడా?

లేడు. ఒకప్పుడు నూటికి పైగా చిన్న రాజ్యాలుండేవి, 12వ శతాబ్దానికి వాటిలో చాలా మటుకు పెద్దవాళ్ళ కింద నలిగిపోయి, అసలు పోటీ నాలుగైదు వంశాల మధ్యే మిగిలింది: దక్షిణాన మన్‌స్టర్‌లో ఓబ్రయన్లు, ఉత్తరాన మక్‌లాఖ్లన్లు, పడమట కానక్ట్‌లో ఓకానర్లు, తూర్పున లెన్‌స్టర్‌లో మక్‌మరోలు. ఐర్లండ్ మొత్తానికి రాజునని చెప్పుకునేవాడికి అప్పటి వృత్తాంతకారులు పెట్టిన బిరుదు చూడండి, ‘ఎదురు ఉన్న రాజు’. అంటే రాజే, కానీ ఒప్పుకోనివాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు.

పెద్ద కొడుక్కే రాజ్యం అన్న పద్ధతి లేదు. వంశంలో అర్హత ఉన్న మగవాడు ఎవడైనా పోటీకి దిగొచ్చు, అన్నదమ్ములు ఒకరి కళ్ళు ఒకరు పీకించుకోవడం మామూలు. పన్నులు పశువుల రూపంలో, విశ్వాసం బందీల రూపంలో.

ఇలాంటి రాజుకు చర్చిని బాగుచేస్తే ఏం ఒరుగుతుంది?

అసలు ప్రశ్న ఇదే. చిన్న జవాబు: ఆవుల మందలూ బందీలూ ఇవ్వలేని దాన్ని చర్చి ఇస్తుంది. మిగతా రాజుల కంటే ఎత్తులో నిలబెడుతుంది.

దీన్ని ముందుగా పసిగట్టినవాడు బ్రయన్ బొరు. 1005లో అర్మా వెళ్ళి పాట్రిక్ బలిపీఠం మీద 20 ఔన్సుల బంగారం పెట్టాడు, ఆయన వెంట వచ్చిన గురువు అక్కడి పవిత్ర గ్రంథంలో ‘ఐరిష్ వాళ్ళ చక్రవర్తి’ అని లాటిన్‌లో రాసేశాడు. 1014లో క్లాంటార్ఫ్ యుద్ధంలో చనిపోతే శవాన్ని సొంత ఊరికి కాకుండా అర్మాకే తీసుకెళ్ళారు.

ఆయన మునిమనవడు మర్టా ఓబ్రయన్ ఇంకో మెట్టెక్కాడు. 1101లో కాషెల్‌లో సభ పెట్టి, కాషెల్ కొండను చర్చికి దానం చేసేశాడు, ఇక ఏ రాజుకూ ఏ గృహస్థుకూ దాని మీద హక్కు లేదని ప్రకటించాడు. వినడానికి ఎంత త్యాగం! కానీ కాషెల్ ఓబ్రయన్ల పాత పీఠం కాదు, వాళ్ళ ప్రత్యర్థులైన ఓగనాక్ట్ వంశం వందల ఏళ్ళు ఏలిన గద్దె. పోటీదారుడి ఇంటిని దేవుడికి రాసిచ్చేస్తే వాడు తిరిగి అడగలేడు, అడిగితే దేవుడి సొమ్ము అడిగినట్టే. మర్టా మాత్రం లిమరిక్‌లో హాయిగా ఉన్నాడు. అదే ఏడాది సైన్యంతో ఐర్లండ్ చుట్టొచ్చి, ఉత్తరాది రాజుల కోట ఏలక్‌ను కూలగొట్టించి, ప్రతి తిండి మూటకూ ఒక రాయి చొప్పున లిమరిక్‌కు మోయించాడని వృత్తాంతాల్లో ఉంది. ఒక చేత్తో దానం, ఇంకో చేత్తో రాళ్ళు. రెండూ ఒకే రాజకీయం.

1101 సభ ఏం తీర్మానించింది?

చర్చి పదవులు అమ్మకూడదు, కొనకూడదు. గృహస్థు ఎరెనాగా ఉండకూడదు, ఎరెనాకు భార్య ఉండకూడదు. చర్చి నుంచి రాజులు పన్ను గుంజకూడదు. సవతి తల్లిని, అన్నదమ్ముల భార్యను పెళ్ళాడకూడదు. అంతే. విడాకులు, ఉంపుడుగత్తెలు, ఇద్దరు ముగ్గురు భార్యలు, వీటి జోలికి పోలేదు. సభ పెట్టించిన రాజు ఇల్లు ఎలా ఉందో అందరికీ తెలుసు మరి.

1111లో గీసిన పటం సంగతేంటి?

ఆ ఏడాది రాత్ బ్రెసల్ అనేచోట పెద్ద సభ జరిగింది. 50 మంది బిషప్పులు, 300 మంది గురువులు, 3000 మంది ఇతర మఠ జనం వచ్చారని వృత్తాంతాలు చెప్తాయి, గుండ్రని అంకెలు కాబట్టి కొంచెం తగ్గించి చదువుకోండి. మర్టా ఓబ్రయన్ ఉన్నాడు, అర్మా నుంచి కెలాక్ వచ్చాడు. ఈ కెలాక్ క్లాన్ షీనీ వంశంవాడే, కానీ 1105లో పీఠం ఎక్కగానే గురుపట్టం పుచ్చుకుని, మరుసటి ఏడాది బిషప్ కూడా అయ్యాడు, సొంతింటి దారికి తనే అడ్డం తిరిగాడు. లిమరిక్ బిషప్ గిల్బర్ట్ పోప్ ప్రతినిధిగా ఉన్నాడు. చర్చి మెట్లు ఎలా ఉండాలో, పల్లె గురువు నుంచి పోప్ దాకా, బొమ్మ వేసి మరీ రాసినవాడు ఆయన.

దేశాన్ని రెండుగా చీల్చారు. ఉత్తరానికి అర్మా, దక్షిణానికి కాషెల్, ఒక్కోదానికి 12 చొప్పున 24 పీఠాలు. 12 చొప్పున ఎందుకంటే, అయిదు వందల ఏళ్ళ కిందట గ్రెగరీ పోప్ ఇంగ్లండ్‌కు వేసిన ప్లాన్ అదే. ప్రతి పీఠానికి ఫలానా కొండ నుంచి ఫలానా ఏరు దాకా అని హద్దులు చెప్పారు, మన పొలం దస్తావేజుల్లో చెక్కుబందీ రాసినట్టు. ఆ హద్దులు చాలాచోట్ల అప్పటి రాజ్యాల హద్దులే. రాజు ఎవరో, బిషప్ ఎవరో ఇకమీద ఒకే గిరిలో తేలిపోతుంది.

నాకు బాగా నచ్చే ముక్క కానక్ట్ గురించి రాసింది. అక్కడి గురువులకు ఈ పంపకం నచ్చితే సరే, నచ్చకపోతే వాళ్ళిష్టం వచ్చినట్టు పంచుకోవచ్చు, కానీ బిషప్పులు అయిదుగురికి మించకూడదు అన్నారు. మర్టా మాట అక్కడ ఎంతవరకు చెల్లిందో దీన్నిబట్టే అర్థమవుతుంది.

డబ్లిన్ ఎందుకు వేరే దారిలో పోయింది?

డబ్లిన్ వైకింగులు కట్టిన వ్యాపార పట్నం. రాజు సిట్రిక్ 1030 ప్రాంతంలో క్రైస్ట్ చర్చ్ కట్టించాడు. అక్కడి బిషప్పులు అభిషేకం కోసం అర్మాకు పోకుండా సముద్రం దాటి కాంటర్‌బరీ వెళ్ళేవాళ్ళు, విధేయత ప్రమాణం కూడా అక్కడే చేసేవాళ్ళు. 1121లో డబ్లిన్ పౌరులు కాంటర్‌బరీకి రాసిన ఉత్తరంలో, మేము మీ కిందే ఉంటాం, అందుకే ఇక్కడి బిషప్పులకు మా మీద కడుపుమంట, ముఖ్యంగా అర్మాలో ఉండే ఆ బిషప్‌కు, అని వాపోయారు. 1111 పటంలో డబ్లిన్‌ను లెక్కలోకే తీసుకోలేదు. ఈ కాంటర్‌బరీ సంబంధం చిన్న విషయంలా ఉంటుంది గానీ గుర్తుపెట్టుకోండి, చివర్లో దీని పనుంది.

మలాకీ ఎవరు?

1094 ప్రాంతంలో అర్మాలోనే పుట్టాడు. 1129లో కెలాక్ చనిపోతూ తన దండం మలాకీకి పంపాడు, నా తర్వాత నువ్వే అని. క్లాన్ షీనీ ఊరుకుంటుందా? తమ మనిషి, పేరు మర్టా (క్షమించండి, మూడో మర్టా), అతన్ని కూర్చోబెట్టారు. 1132లో సంస్కర్తల ఒత్తిడి మీద మలాకీ సరే అన్నాడు, కానీ రెండేళ్ళు ఊళ్ళోకే రాలేకపోయాడు. 1134లో ఆ మర్టా చనిపోతే నీల్ అనే ఇంకో బంధువు ఎక్కాడు, వెళ్ళగొడితే పోతూ పోతూ రెండు వస్తువులు పట్టుకుపోయాడు: పాట్రిక్ గ్రంథం, యేసు దండం.

ఆ దండం మామూలుది కాదు. యేసే పాట్రిక్‌కు ఇచ్చాడని నమ్మకం, పైన బంగారం, రత్నాలు. అది ఎవరి చేతిలో ఉంటే వాడే అసలు పీఠాధిపతి అని జనం అనుకునేవాళ్ళు, బెర్నార్డ్ వాళ్ళను తెలివితక్కువవాళ్ళని తిట్టాడు కూడా. చివరికి 1135లో మలాకీ ఆ దండాన్ని సొమ్ము ఇచ్చి కొనుక్కోవాల్సి వచ్చింది. పదవులు కొనకూడదని పోరాడిన మనిషి పదవి గుర్తును కొన్నాడు, ఏం చేస్తాం.

ఇక్కడ కూడా రాజులు లేకుండా పని జరగలేదు. మన్‌స్టర్ రాజు కార్మక్ మకార్తీ ఆయనకు స్నేహితుడు, అండ. ఈ కార్మక్ ఓగనాక్ట్ వంశంవాడు, అంటే మర్టా ఓబ్రయన్ ఎవరిని కాషెల్ నుంచి దూరం పెట్టాలనుకున్నాడో వాళ్ళ మనిషి. ఆయన అదే కాషెల్ కొండ మీద అందమైన గుడి కట్టించి 1134లో అభిషేకం చేయించాడు. కొండ తిరిగి తీసుకోలేకపోయినా తన పేరు మాత్రం అక్కడ నిలబెట్టుకున్నాడు.

మలాకీ 1136–37లో పీఠం వదిలి డెరీకి చెందిన గెలేసియస్‌కు అప్పగించాడు. 1139లో రోమ్ వెళ్ళి అర్మాకు, కాషెల్‌కు పాలియం కావాలని అడిగాడు. పాలియం అంటే ఆర్చిబిషప్ మెడలో వేసుకునే ఉన్ని పట్టీ, అది పోప్ ఇస్తేనే ఆర్చిబిషప్ అన్నమాటకు విలువ. మీ దేశంలో సభ పెట్టి అందరూ కలిసి అడగండి అని పోప్ తిప్పి పంపాడు. మళ్ళీ బయల్దేరి 1148 నవంబర్‌లో దారిలోనే, క్లేర్వోలో, బెర్నార్డ్ చేతుల్లో కన్నుమూశాడు.

పాలియం చివరికి వచ్చిందా?

1152లో వచ్చింది, అడిగినవి రెండైతే నాలుగొచ్చాయి. కార్డినల్ జాన్ పపారో తెచ్చాడు, రావడానికే నానా తిప్పలు పడ్డాడు. ఇంగ్లండ్ రాజు స్టీఫెన్, నా రాజ్యానికి హాని చేయనని ఒట్టేస్తేనే దారి ఇస్తానన్నాడు, కార్డినల్ వెనక్కి పోయి, మరోసారి స్కాట్లండ్ మీదుగా చుట్టూ తిరిగి వచ్చాడు. కెల్స్, మెలిఫాంట్ సభలో అర్మా, కాషెల్‌తో పాటు డబ్లిన్‌కూ ట్యూమ్‌కూ పాలియం ఇచ్చారు.

డబ్లిన్‌కు ఎందుకంటే, దాన్ని కాంటర్‌బరీ నుంచి విడదీయాలంటే ఏదో ఒక పెద్ద ముక్క చేతిలో పెట్టాలి. ట్యూమ్‌కు ఎందుకంటే, అది ఓకానర్ల ఊరు, అప్పటికి టర్లో ఓకానర్ దేశంలోనే బలమైన రాజు. 1123లో నిజ సిలువ (యేసు చనిపోయిన సిలువ అని నమ్మేది) ముక్క కోసం ఆయన చేయించిన కాంగ్ సిలువ మీద ఆయన పేరు ‘ఐర్లండ్ రాజు’ అని చెక్కి ఉంది. అంతటి రాజు ఇంకో రాజు ఇలాకాలోని ఆర్చిబిషప్ కింద ఎందుకుంటాడు? అర్మావాళ్ళు గొణిగారు, కానీ నాలుగూ ఉండిపోయాయి. ఇప్పటికీ ఐర్లండ్‌లో కాథలిక్ ప్రావిన్సులు ఆ నాలుగే.

మెలిఫాంట్ పేరు మాటిమాటికీ ఎందుకొస్తుంది?

1142లో మలాకీ పూనుకుంటే పుట్టిన మఠం అది, ఐర్లండ్‌లో మొదటి సిస్టర్షియన్ మఠం, అంటే క్లేర్వో బెర్నార్డ్ చెందిన సన్యాసుల సంఘానిది. ఫ్రాన్స్ నుంచి వచ్చిన సన్యాసులు కొందరు ఇక్కడివాళ్ళతో పొసగక తిరిగి వెళ్ళిపోయారు, అయినా మఠం నిలిచింది. కొత్త మఠానికి పాత వంశం ఉండదు, వారసుడు ఉండడు. భూమి ఇచ్చిన రాజే దానికి పెద్దదిక్కు. అందుకే రాజులు పోటీపడి ఇచ్చారు.

1157లో దాని చర్చి అభిషేకానికి వచ్చిన కానుకల జాబితా మిగిలింది. ఉత్తరాది రాజు మర్టా మక్‌లాఖ్లన్: 140 ఆవులు, 60 ఔన్సుల బంగారం, ఒక ఊరు. స్థానిక రాజు ఓకారల్: 60 ఔన్సులు. బ్రెఫ్నీ రాజు టియర్నన్ ఓరూర్క్ భార్య డెర్వోర్‌గిలా: ఇంకో 60 ఔన్సులు, బంగారు పాత్ర, తొమ్మిది బలిపీఠాలకు బట్టలు. పెళ్ళిలో చదివింపులు మైకులో చదివినట్టుంటుంది. అదే సభలో మీద్ అనే రాజ్యపు రాజును వెలివేసి, గద్దె దింపి, అతని తమ్ముణ్ణి కూర్చోబెట్టారు. దింపాలనుకున్నది మక్‌లాఖ్లన్, దానికి బిషప్పుల ముద్ర పడింది.

ఈ రాజులకు నిజంగా భక్తి ఉందా, లేక అంతా నాటకమా?

రెంటినీ విడదీయడం నాకు చేతకాదు, వాళ్ళకూ చేతనై ఉండదు. డెర్మట్ మక్‌మరోనే తీసుకోండి. 1132లో అతని మనుషులు కిల్డేర్ మఠం మీద పడి, అక్కడి మఠాధిపతురాలిని ఎత్తుకెళ్ళి చెరిచారు. ఆమె ఇక పదవికి పనికిరాదని చెప్పి తమ బంధువును కూర్చోబెట్టడానికే ఆ ఘోరం. అదే డెర్మట్ తర్వాత బాల్టింగ్లాస్‌లో సిస్టర్షియన్ మఠం పెట్టించాడు, డబ్లిన్‌లో సన్యాసినులకు మఠం కట్టించాడు, ఆల్ హాలోస్ మఠానికి భూమి ఇచ్చాడు (ఇప్పుడు ట్రినిటీ కాలేజ్ ఉన్న చోటు). బావమరిది లోర్కన్ ఓటూల్ 1162లో డబ్లిన్ ఆర్చిబిషప్ అయ్యాడు, ఆయన నిజంగానే మంచివాడు, తర్వాత పునీతుడిగా ప్రకటించారు కూడా.

డెర్వోర్‌గిలాను కూడా 1152లో లేపుకుపోయింది ఈ డెర్మటే. ఏడాది తర్వాత ఆమె తిరిగొచ్చింది, కానీ ఆమె భర్త ఓరూర్క్ ఆ అవమానాన్ని మర్చిపోలేదు.

పెళ్ళిళ్ళ విషయంలో ఏమైనా మారిందా?

పెద్దగా లేదు. ఐరిష్ న్యాయశాస్త్రం ఎప్పుడో తేల్చేసింది, దేవుడు ఎన్నుకున్న పాత నిబంధన పితరులకే ఎందరో భార్యలున్నప్పుడు మనల్ని తప్పుపట్టడం ఎలా అని. టర్లో ఓకానర్‌కు 20 మందికి పైగా కొడుకులు. ఆయన కొడుకు రోరీ గురించి తర్వాతి వృత్తాంతాల్లో ఒక కథ ఉంది. పోప్ కబురు పంపాడట, నీకూ నీ వంశానికీ ఐర్లండ్ రాజ్యం శాశ్వతంగా ఇస్తాను, ఆరుగురు భార్యల్ని కూడా ఉంచుకో, ఇకమీద పరస్త్రీల జోలికి మాత్రం పోకు, అని. రోరీ కుదరదన్నాడట. అందుకే దేవుడు రాజ్యం లాగేసుకున్నాడని ముగింపు. ఏ పోపూ అలా అని ఉండడు, కానీ జనం రాజు ఓటమిని ఎలా అర్థం చేసుకున్నారో ఇందులో కనిపిస్తుంది.

రాజు మాట తప్పితే చర్చి ఏం చేయగలిగేది?

ఒకసారి గట్టిగానే చేసింది. మర్టా మక్‌లాఖ్లన్ సంస్కరణకు పెద్ద అండ, 1162లో డెరీలో చర్చి చుట్టూ ఉన్న 80 ఇళ్ళను తీయించి పవిత్ర స్థలాన్ని వేరు చేయించినవాడు. అలాంటివాడు 1166లో, ఆర్చిబిషప్ గెలేసియస్ హామీ ఉండగానే, తనకు లొంగిన అల్‌స్టర్ రాజు కళ్ళు పీకించాడు. హామీదారుల్లో ఓకారల్ కూడా ఉన్నాడు. వాళ్ళిద్దరి మాటా పోయింది. ఓకారల్ తిరగబడ్డాడు, సొంతవాళ్ళు జారుకున్నారు, అదే ఏడాది మక్‌లాఖ్లన్ యుద్ధంలో చనిపోయాడు.

అక్కడి నుంచి గొలుసు చూడండి. డెర్మట్‌కు అండ మక్‌లాఖ్లనే. అండ పోగానే ఓరూర్క్, రోరీ ఓకానర్ కలిసి డెర్మట్‌ను తరిమేశారు. డెర్మట్ సముద్రం దాటి ఇంగ్లండ్ రాజు హెన్రీ II కాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. 1170లో స్ట్రాంగ్‌బో అనే నార్మన్ దొర సైన్యంతో దిగి డెర్మట్ కూతురు ఈఫాను పెళ్ళాడాడు. 1171 అక్టోబర్ 17న హెన్రీయే స్వయంగా వాటర్‌ఫర్డ్ దగ్గర దిగాడు.

పోప్ ఐర్లండ్‌ను ఇంగ్లండ్ రాజుకు రాసిచ్చేశాడంటారు, నిజమా?

1155లో ఏడ్రియన్ IV (ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఏకైక పోప్) చర్చిని బాగుచేయడానికి ఐర్లండ్‌లోకి వెళ్ళొచ్చని హెన్రీకి అనుమతి ఇచ్చాడు, ప్రతి ఇంటి నుంచి ఏడాదికి ఒక పెన్నీ రోమ్‌కు రావాలన్న షరతుతో. తెచ్చింది కాంటర్‌బరీ ఆర్చిబిషప్ దగ్గర పనిచేసే జాన్ ఆఫ్ సాల్స్‌బరీ, దాంతోపాటు పచ్చల ఉంగరం కూడా తెచ్చానని ఆయనే రాసుకున్నాడు. మూడేళ్ళ కిందటే డబ్లిన్ కాంటర్‌బరీ చేజారిపోయిన సంగతి గుర్తుందా? ఆ మంట ఈ కాగితంలో ఉంది. లాడబిలిటర్ అని పిలిచే ఆ కాగితం ప్రతి మనకు అప్పటి రచయిత జెరాల్డ్ ఆఫ్ వేల్స్ పుస్తకం ద్వారానే దొరుకుతుంది, అందుకే అందులో ఎంత మార్చాడన్న వాదన ఇంకా నడుస్తోంది. హెన్రీ తల్లి మటిల్డా వద్దనడంతో అప్పటికి మూలపడింది.

మరి 1172లో ఐరిష్ బిషప్పులు హెన్రీకి ఎందుకు తలొగ్గారు?

వాళ్ళను ద్రోహులనే ముందు వాళ్ళ వైపు నుంచి చూడండి. వందేళ్ళుగా వాళ్ళు వెతుకుతున్నది మాట చెల్లే ఒక రాజు కోసం. మర్టా ఓబ్రయన్ జబ్బుపడ్డాడు, టర్లో ఓకానర్ చనిపోయాడు, మక్‌లాఖ్లన్ మాట తప్పాడు. ఇప్పుడు ఒకడు వచ్చాడు, యుద్ధం చేయకుండానే రాజులు వరసగా వచ్చి లొంగుతున్నారు. ఆ చలికాలం కాషెల్ సభకు పెద్దగా కూర్చున్నది మెలిఫాంట్ మొదటి మఠాధిపతి, అప్పటికి పోప్ ప్రతినిధి, లిస్‌మోర్ బిషప్ అయిన క్రిస్టియన్. తీర్మానాలు పాతవే: దగ్గరి బంధువుల్ని పెళ్ళాడొద్దు, జ్ఞానస్నానం చర్చిలో జరగాలి, దశమ భాగం ఇవ్వాలి, చుట్టుపక్కల దొరలు చర్చి ఊళ్ళ నుంచి ఏటా నాలుగుసార్లు తిండి గుంజడం మానాలి. ఒక్కటే కొత్తది, ఆరాధన ఇంగ్లండ్ చర్చిలో చేసినట్టు చేయాలని.

ముసలి గెలేసియస్ కాషెల్‌కు రాలేదు, తర్వాత డబ్లిన్ వచ్చి ఒప్పుకున్నాడు. ఎక్కడికి వెళ్ళినా ఒక తెల్లావును వెంట తోలుకెళ్ళేవాడట, దాని పాలే ఆయన తిండి. హెన్రీకి కూడా ఈ సభ అవసరమే, అంతకు ఏడాది కిందటే కాంటర్‌బరీలో అక్కడి ఆర్చిబిషప్ బెకెట్ హత్య జరిగి ఆ మచ్చ ఆయన మీద ఉంది. 1172 సెప్టెంబర్‌లో పోప్ అలెగ్జాండర్ III మూడు ఉత్తరాలు రాశాడు, హెన్రీని మెచ్చుకుంటూ, ఐరిష్ రాజుల్నీ బిషప్పుల్నీ విధేయంగా ఉండమంటూ. బిషప్పులు తమ జనం తప్పుల గురించి రోమ్‌కు రాసినవే అందులో సాక్ష్యంగా కనిపిస్తాయి. ఇంట్లో గొడవని పంచాయితీకి ఎక్కిస్తే తీర్పు మన చేతిలో ఉండదు.

పాత వంశాలు పూర్తిగా పోయాయా?

ఎక్కడికీ పోలేదు. కోమర్బాలు, ఎరెనాలు బిషప్‌కు కౌలుదార్లుగా మారి, చర్చి భూముల్లోనే, ముఖ్యంగా ఉత్తరాన, 17వ శతాబ్దం మొదట్లో అల్‌స్టర్ భూములు ఇంగ్లిష్ వాళ్ళ చేతికి పోయేదాకా ఉన్నారు.

చూడ్డానికి ఏమైనా మిగిలిందా?

కాషెల్ కొండ, దాని మీద కార్మక్ గుడి ఉన్నాయి. మెలిఫాంట్‌లో సన్యాసులు చేతులు కడుక్కునే ఎనిమిది పలకల మండపం సగం నిలబడి ఉంది. కాంగ్ సిలువ డబ్లిన్ నేషనల్ మ్యూజియంలో ఉంది. క్లాన్‌మక్‌నాయిస్‌లో డెర్వోర్‌గిలా 1167లో పూర్తిచేయించిన సన్యాసినుల గుడి ఉంది.

మలాకీ కొన్న యేసు దండం మాత్రం లేదు. ఇంగ్లిష్ వాళ్ళు వచ్చాక అది అర్మా నుంచి డబ్లిన్ క్రైస్ట్ చర్చ్‌కు చేరింది, మూడు వందల ఏళ్ళకు పైగా జనం దాని మీద ప్రమాణాలు చేశారు, 1538లో ఇంకో హెన్రీ, ఎనిమిదో హెన్రీ, తన రకం సంస్కరణ మొదలుపెట్టినప్పుడు మూఢనమ్మకం అని చెప్పి దాన్ని అందరి ముందూ తగలబెట్టారు.